బొమ్మల కథలు



మీలో బొమ్మల కథలంటే ఇష్టం లేనివారు ఎవరైనా ఉన్నారా? ఈ ప్రశ్న తరగతిలో అడిగితే ఒక్క చేయి కూడా పైకి లేవదు. కొందరు పుస్తకాల షాపులో నిలబడే సగం పుస్తకం చదివేస్తారు. కొందరు అమ్మ ఫోను తీసికొని, వేలితో తెరను పైకి జరుపుతూ చదువుతారు. ఇంకొందరు టీవీలో ఉపిన్, ఇపిన్ కవలల అల్లరి చూస్తూ కంచంలో అన్నం సంగతే మరచిపోతారు.

"బొమ్మల కథలు చదివితే చదువు పాడైపోతుంది" అని మీ ఇంట్లో పెద్దలు అని ఉండవచ్చు. చిన్నప్పుడు నేనూ ఆ మాట విన్నాను. కాని మంచి బొమ్మల కథ చదవడం కూడా చదువే. అటువంటి కథను వెదకి పట్టుకోవడానికి తెలివి కావాలి. దానిని నలుగురితో పంచుకోవడానికి మర్యాద కావాలి. ఈ పాఠంలో ఆ రెండింటినీ నేర్చుకొందాం.

బొమ్మల కథను చదవడం ఎలా?

బొమ్మల కథలో పుటను చిన్న చిన్న భాగాలుగా విడదీసి గీస్తారు. ఒక్కొక్క భాగాన్ని గడి అందాం. మనుషులు మాట్లాడే మాటలు బుడగలో ఉంటాయి. బుడగకు చిన్న తోక ఉంటుంది. ఆ తోక ఎవరివైపు తిరిగితే ఆ మాట వారిది. బుడగ మేఘంలాగా ఉంటే అది పైకి అన్న మాట కాదు, మనసులో అనుకొన్న మాట.

గడికీ గడికీ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. అక్కడ ఏమీ గీయరు. కాని అసలు కథ నడిచేది అక్కడే! ఎలాగో చూడండి. మొదటి గడిలో పిల్లి బల్ల మీది పాలగిన్నె వైపు చూస్తున్నది. రెండవ గడిలో నేల మీద గిన్నె ముక్కలు పడి ఉన్నాయి. పిల్లి లేదు. పిల్లి దూకడం ఎవరూ గీయలేదు. అయినా మీరు చూచారు కదా! ఆ బొమ్మను గీసింది మీ మనసే. అమెరికాకు చెందిన స్కాట్ మెక్‌క్లౌడ్ అనే చిత్రకారుడు 1993లో బొమ్మల కథల గురించి ఒక పుస్తకం తెచ్చారు. ఆ పుస్తకం కూడా బొమ్మల కథగానే ఉంటుంది. ఈ ఖాళీ చేసే పనిని ఆయన అందులో చక్కగా వివరించారు.

కొన్ని గడులలో ముగిసే కథను కామిక్ అంటాం. నవలలాగా పెద్ద కథను పుస్తకం నిండా బొమ్మలతో చెబితే అది గ్రాఫిక్ నవల. అచ్చు పుస్తకంగా కాక ఇంటర్నెట్టులో వెలువడితే అది వెబ్ కామిక్. కొరియా దేశంలో 2003, 2004 ప్రాంతాలలో ఒక కొత్త పద్ధతి బాగా వ్యాపించింది. అందులో గడులు పక్కపక్కన ఉండవు. ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటాయి. తెరను వేలితో జరిపేకొద్దీ కథ కిందికి దిగుతుంది. మీరు ఫోనులో చదివే కథలలో చాలా వాటికి ఈ పద్ధతే.

ఒక పల్లెటూరి అబ్బాయి

మన మలేషియాలో పుట్టిన ఒక గొప్ప బొమ్మల కథ గురించి చెబుతాను, వినండి.

పేరాక్ రాష్ట్రంలో గోపెంగ్ దగ్గర ఒక పల్లె ఉంది. అక్కడ 1951లో ఒక అబ్బాయి పుట్టాడు. అతని ముఖం గుండ్రంగా ఉండేది. మలాయ్ భాషలో గుండ్రం అనే మాటకు 'బులాత్' అని పేరు. ఇంటివారు ముద్దుగా అలాగే పిలిచారు. ఆ పిలుపులోని చివరి ముక్కే తరువాత లోకమంతా ఎరిగిన పేరు అయింది. ఆయనే చిత్రకారుడు లాట్.

లాట్‌కు 13 ఏళ్ళ వయసులో, అంటే 1964లో, మొదటి బొమ్మల పుస్తకం అచ్చయింది. ఆయన పంపిన బొమ్మలు చూచి ప్రచురణ సంస్థవారు ఎవరో పెద్దవాడు గీశాడనుకొన్నారట! దానికి 25 డాలర్లు ఇచ్చారు. అప్పట్లో మన డబ్బును డాలర్లనే అనేవారు. ఆ తరువాత ఆయన పత్రికలో విలేకరిగా పనిచేశారు. 1974 నుండి కార్టూన్లు గీయడమే ఆయన ఉద్యోగం అయింది. 1979లో 'కంపుంగ్ బాయ్' అనే పుస్తకం వెలువడింది. కంపుంగ్ అంటే పల్లె అని మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ కథ ఏమిటి? పల్లెలో కొయ్య ఇంట్లో ఒక బాబు పుడతాడు. పెరిగి పెద్దవాడవుతూ ఏటిలో ఈదుతాడు, అడవిలో తిరుగుతాడు. చదువు మీద మనసు నిలపడు. ఊరి దగ్గర తగరపు గనులు ఉంటాయి. ఒకనాడు స్నేహితులతో కలిసి గనిలోకి దొంగతనంగా వెళ్ళి, యంత్రాలు వదిలిన బురదను కడిగి తగరం ఏరుకొని వస్తాడు. నాన్న మెచ్చుకొంటాడని పరుగున ఇంటికి వస్తే, నాన్న మెచ్చుకోలేదు. చదువు మానినందుకు శిక్షించాడు. తరువాత తమ కుటుంబానికి ఉన్న రబ్బరు తోటను కొడుకుకు చూపించాడు. అప్పుడు అబ్బాయి మనసు మారింది. కష్టపడి చదివి, ఈపో నగరంలోని పెద్ద బడిలో సీటు తెచ్చుకొన్నాడు.

కథ అక్కడితో ఆగదు. ఆ శుభవార్త చెప్పడానికి అబ్బాయి ఇంటికి పరుగెత్తుతాడు. అక్కడ నాన్న గని కంపెనీవారితో మాట్లాడుతూ ఉంటాడు. భూమిలో తగరం ఉంటే వారు ఆ భూమిని కొంటారు. అంటే ఊరే ఉండకపోవచ్చు. తాను వెళ్ళి తిరిగి వచ్చేసరికి పుట్టిన ఊరు ఇలాగే ఉండాలని అబ్బాయి కోరుకొంటాడు. కథ ముగుస్తుంది.

ఈ పుస్తకంలో గడులు దాదాపు ఉండవు. నల్ల సిరాతో గీసిన పెద్ద పెద్ద బొమ్మలు ఉంటాయి. వాటి పక్కన చేతివ్రాతతో మాటలు ఉంటాయి. మొదటిసారి అచ్చువేసిన ప్రతులు కొద్ది నెలలలోనే అమ్ముడుపోయాయి. 2006లో అమెరికాలో కూడా ఈ పుస్తకం అచ్చయింది. ఒక చిన్న పల్లెలోని అల్లరి పిల్లవాడి కథను అంత దూరంలో ఉన్నవారు ఎందుకు చదివారు? ఆ కథ ఆ పల్లెలో తప్ప మరెక్కడా దొరకదు. అందుకే చదివారు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

కదిలే బొమ్మలు

'కంపుంగ్ బాయ్' తరువాత టీవీకి కూడా వచ్చింది. 26 భాగాల యానిమేషన్‌గా తయారైంది. 1999లో ఫ్రాన్సు దేశంలోని అన్సీ నగరంలో జరిగిన యానిమేషన్ ఉత్సవంలో దానిలోని ఒక భాగానికి బహుమతి వచ్చింది. ఆ తరువాత 2007లో ఉపిన్, ఇపిన్, 2011లో బోబోయ్‌బోయ్, 2016లో ఏజెంట్ అలీ కథలు మన దేశంలోనే తయారై మీ ఇళ్ళకు వచ్చాయి.

బొమ్మ కదలడం ఎలా సాధ్యం? నిజానికి ఏ బొమ్మా కదలదు. కొంచెం కొంచెం తేడాతో ఉన్న బొమ్మలు వెంటవెంట వస్తే, కదిలినట్లు మనకు తోస్తుంది. సినిమాలో ఒక సెకనుకు 24 చిత్రాలు చూపుతారు. అంటే నిమిషానికి 1,440 చిత్రాలు! తరచుగా ఒక్కొక్క బొమ్మను రెండేసిసార్లు చూపి, సెకనుకు 12 బొమ్మలతో సరిపెడతారు. అయినా అది ఎంత పనో ఆలోచించండి. మీరు ఐదు నిమిషాలలో చూచి మరచిపోయే కథ వెనుక ఎందరో మనుషుల ఎన్నో నెలల శ్రమ ఉంది.

మా తరగతిలో జరిగిన సంగతి

నేను తెలుగు చెప్పే తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదివేవాడు. బొమ్మలు మాత్రం బాగా గీసేవాడు. ఒకనాడు పిల్లలందరికీ ఒక పని ఇచ్చాను. "ఇంట్లో తాతయ్యనో మామ్మనో ఒక కథ అడిగి, నాలుగు గడులలో గీసుకొని రండి" అన్నాను.

మన తాత ముత్తాతలలో చాలామంది విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుండి వచ్చి, ఇక్కడి రబ్బరు తోటలలోనూ కొబ్బరి తోటలలోనూ పనిచేశారు. ఈ అబ్బాయి మామ్మ కూడా పేరాక్‌లోని ఒక తోటలో రబ్బరు చెట్లు గీసి పాలు పట్టేది. ఆమె మనవడికి చెప్పిన కథ ఇది. పెద్ద కూతురికి బడికి వెళ్ళడానికి బూట్లు కొనాలి. ఆ వారం కూలి డబ్బుతో కొందామనుకొన్నది. కాని వరుసగా వాన పట్టుకొంది. వానలో చెట్టు గీయరు. గీస్తే పాలలో నీళ్ళు కలిసి, బెరడు మీద నుండి కారి పాడైపోతాయి. పని లేదు, కూలీ లేదు. ఆ కూతురు అన్నయ్య పాత బూట్లలో కాగితాలు కుక్కుకొని బడికి వెళ్ళింది.

అబ్బాయి బొమ్మలు గీసి మామ్మకు చూపించాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకొని చూచి పకపక నవ్వింది. "ఒరే నాన్నా! నువ్వు గీసిన చెట్టు పాలు ఇవ్వదురా" అంది.

ఎందుకో తెలుసా? అబ్బాయి చెట్టు మీది గీతను కుడివైపు ఎత్తులో మొదలుపెట్టి ఎడమవైపుకు దింపాడు. నిజానికి ఎడమవైపు ఎత్తులో మొదలుపెట్టి కుడివైపుకు దించాలి. రబ్బరు చెట్టు బెరడులో పాలు ప్రవహించే సన్నని నాళాలు ఉంటాయి. అవి నిటారుగా ఉండవు. కొంచెం ఒరిగి ఉంటాయి. ఎడమ నుండి కుడికి దిగేటట్లు గీస్తే ఎక్కువ నాళాలు తెగి, ఎక్కువ పాలు వస్తాయి. తెల్లవారకముందే ఎందుకు గీయాలో కూడా మామ్మ చెప్పింది. చల్లని వేళలో పాలు బాగా కారతాయి. ఎండ ఎక్కితే తగ్గిపోతాయి.

ఆమె ఏ బడిలోనూ చదువుకోలేదు. ఆనాడు మనవడి చేతిలోని పెన్సిలు తీసికొని తానే ఆ గీతను సరిచేసింది. తరువాత గంటసేపు తోట కబుర్లు చెప్పిందట. అంతకు ముందు ఆ ఇంట్లో ఎవరూ ఆమెను ఆ కబుర్లు అడగలేదు. ఆ అబ్బాయి నాలుగు గడుల కథను ఆరు గడులకు పెంచి, మాటల బుడగలలో తెలుగు అక్షరాలు వ్రాసి తెచ్చాడు. ఒత్తులలో తప్పులు ఉన్నాయి. గీతలో తప్పు లేదు.

నేను చేసిన పొరపాటు

ఆ బొమ్మలు చూచి నాకు ఎంతో సంతోషం కలిగింది. వెంటనే ఫోనులో ఫోటో తీసి తెలిసినవారికి పంపాను. అబ్బాయిని అడగలేదు. మామ్మను అడగలేదు. వారు మరికొందరికి పంపారు. ఎవరో కింద ఉన్న అబ్బాయి పేరును కత్తిరించారు. ఇంకెవరో పైన ఒక ఎగతాళి మాట చేర్చారు. పది రోజులు తిరగకుండానే ఆ బొమ్మ ఆ ఇంటివారి ఫోనుకే వచ్చింది. కాగితాలు కుక్కిన బూట్లను చూచి నవ్వుకోండి అన్నట్లు ఉంది ఆ మాట. అప్పుడు ఆ బూట్లు వేసికొని నడిచిన కూతురు ఆ అబ్బాయికి మేనత్త. ఆమె కూడా చూచింది.

నేను వారి ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. మామ్మ నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. "నలుగురూ చూస్తే నాకు సంతోషమే మాస్టారూ. మేం పడ్డ కష్టంలో దాచుకోవలసింది ఏమీ లేదు. కాని గీసిన పిల్లాడి పేరు ఎందుకు చెరిపారు? నవ్వేవాళ్ళు నన్ను అడిగి నవ్వలేదేం?" అంది. నాకు జవాబు తోచలేదు. ఆ అబ్బాయి చాలా వారాలు పెన్సిలు పట్టలేదు.

ఇతరుల బొమ్మను పంపడం వేలితో చేసే పని. క్షణం పట్టదు. పంపినదాన్ని వెనుకకు తెచ్చుకోవడం ఎవరివల్లా కాదు. ఆ పొరపాటు మీరు చేయకూడదనే ఈ సంగతి దాచకుండా చెబుతున్నాను.

చివరికి ఆ అబ్బాయి మళ్ళీ గీశాడు. ఈసారి పేరును కింద మూలలో వ్రాయలేదు. మామ్మ చేతిలోని బకెట్టు మీద వ్రాశాడు. "ఇప్పుడు నా పేరు కత్తిరించాలంటే మామ్మ చేతినీ కత్తిరించాలి" అన్నాడు. ఆ బొమ్మలు మా తరగతి గోడ మీద ఉన్నాయి. కింద మామ్మ పేరు కూడా ఉంది. ఆమె ఒప్పుకొన్న తరువాతనే అంటించాం.

వెదకే పద్ధతి, పంచుకునే పద్ధతి

మంచి బొమ్మల కథ కావాలంటే మొదట గ్రంథాలయానికి వెళ్ళండి. అక్కడి పుస్తకాలలో ఏవి మీ వయసుకు తగినవో గ్రంథాలయంవారు చెబుతారు. ఇంటర్నెట్టులో వెదకేటప్పుడు ఇంట్లో పెద్దవారు ఒకరు పక్కన ఉండాలి. ఒక కథ నచ్చితే మొదట మూడు సంగతులు తెలుసుకోండి. దీనిని గీసింది ఎవరు? ఎప్పుడు గీశారు? ఇది వారు తామే పెట్టిన చోటా, ఎవరో ఎత్తుకొచ్చి పెట్టిన చోటా? గీసినవారి సొంత చోటికి వెళ్ళి, కథను మొదటి భాగం నుండి చదవండి.

నచ్చిన కథను స్నేహితునితో పంచుకోవాలంటే బొమ్మను కత్తిరించి పంపకండి. కథ ఉన్న చోటు చెప్పండి. గీసినవారి పేరు చెప్పండి. మీకు ఎందుకు నచ్చిందో రెండు వాక్యాలు తెలుగులో వ్రాయండి. కథ మలాయ్‌లో ఉన్నా ఇంగ్లీషులో ఉన్నా, ఆ రెండు వాక్యాలు మాత్రం తెలుగులోనే ఉండాలి. తోటి పిల్లలు గీసిన బొమ్మ అయితే, వారిని అడగనిదే ఎవరికీ చూపకండి. ఆ బొమ్మలో ఇంకొకరి బ్రతుకు ఉంటే, వారినీ అడగండి.

ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. మన దేశంలో 1987 నాటి కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మ మీద హక్కు సాధారణంగా గీసినవారిదే. వారు బ్రతికి ఉన్నంతకాలమూ, ఆ తరువాత 50 సంవత్సరాలూ ఆ హక్కు నిలిచి ఉంటుంది. గీసినవారు చిన్నపిల్లలైనా అంతే.

మీరూ గీయండి

తెలుగువారికి బొమ్మలతో కథ చెప్పడం కొత్త కాదు. 1947 జూలైలో మద్రాసులో మొదలైన 'చందమామ' పత్రికను మీ తాతయ్యలు బొమ్మల కోసమే ముందు తెరిచేవారు. చిత్రకారుడు బాపుగారి చేతివ్రాత ఎంత అందమైనదంటే, దానిని చూచి కంప్యూటరు అక్షరాలు తయారుచేశారు. మీ చేతివ్రాత అలా ఉండనక్కరలేదు. మీది మీదిలాగా ఉంటే చాలు.

ఒకప్పటి రబ్బరు తోటలు ఎన్నో ఇప్పుడు ఆయిల్ పామ్ తోటలుగా మారాయి. కొన్నిచోట్ల ఇళ్ళూ రోడ్లూ వచ్చాయి. తోటలోని వరుస ఇళ్ళు, తెల్లవారుజామున తలకు దీపం కట్టుకొని నడిచిన దారి, పాలు తూచిన చోటు వెదికినా కనబడవు. అవి మీ మామ్మల, తాతయ్యల మాటలలోనే ఉన్నాయి. ఎంత వెదికినా ఆ కథ ఏ వెబ్ కామిక్‌లోనూ దొరకదు. మీరు అడిగితేనే దొరుకుతుంది. ఈ ఆదివారమే అడగండి. గీసిన తరువాత వారికి చూపించండి. చెట్టు మీద గీత సరిగ్గా ఉందో లేదో వారే చెబుతారు.

పదాలు – అర్థాలు

పుట = పేజీ
గడి = నాలుగు గీతల మధ్య ఉన్న చోటు
విలేకరి = పత్రికకు వార్తలు వ్రాసి పంపేవాడు
ప్రతులు = ఒకే పుస్తకం యొక్క కాపీలు
బెరడు = చెట్టు పైన ఉండే గట్టి తొడుగు
నాళం = గొట్టం
మేనత్త = తండ్రి తోబుట్టువు
ఎగతాళి = వెక్కిరింపు

ప్రశ్నలు

1. గడికీ గడికీ మధ్య ఉన్న ఖాళీ ఏమి పని చేస్తుంది?
2. లాట్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?
3. గనిలో తగరం ఏరి తెచ్చిన కొడుకును నాన్న ఎందుకు మెచ్చుకోలేదు?
4. "నువ్వు గీసిన చెట్టు పాలు ఇవ్వదు" అని మామ్మ ఎందుకు అన్నది?
5. మాస్టారు చేసిన పొరపాటు ఏమిటి? మీరే అయితే ఏమి చేసి ఉండేవారు?
6. అబ్బాయి తన పేరును బకెట్టు మీద ఎందుకు వ్రాశాడు?

సొంత వాక్యాలలో ప్రయోగించండి

వెదకి పట్టుకొను, కూడబలుక్కొను, పకపక నవ్వు, జవాబు తోచకపోవు

చేయవలసిన పనులు

1. పాత నోటుపుస్తకం మూలలో ఒక బంతి బొమ్మను 12 పుటలలో, ప్రతి పుటలోనూ కొంచెం కిందికి జరుపుతూ గీయండి. పుటలను బొటనవేలితో గబగబ వదలండి. బంతి పడుతున్నట్లు కనబడుతుంది.

2. ఇంట్లో పెద్దవారిని ఒక కథ అడిగి ఆరు గడులలో గీయండి. బుడగలలో మాటలు వారు పలికినట్లే వ్రాయండి. కథ చెప్పినవారి పేరు, గీసిన మీ పేరు బొమ్మ లోపలే ఉండాలి. తరగతికి తేవడానికి ముందు కథ చెప్పినవారి అనుమతి అడగండి.